పచ్చ

2025 మార్చి 27, గురువారం. తెనాలి

మధ్యాహ్నం పన్నెండుకి ఎడమ చేతికి షుగర్ చూసే బిళ్ళ వేయించుకున్నాను. వేసింది మా అమ్మాయే. ఉగాది వాళ్ళ అత్తగారింట్లో కాబట్టి ఈ రెండు రోజులు మా దగ్గరికి వచ్చింది. బ్యాగులోంచి చీర తీస్తుందనుకుంటే ఈ డబ్బా తీసింది. రెండు వారాలకి దాదాపు ఐదు వేలట. ఆ డబ్బుకి మంచి వెంకటగిరి చీర వచ్చేదన్నాను. "చీర నీ షుగర్ చెప్పదుగా" అంది.

భయపడినంత లేదు. భుజం కింద, చేతి వెనక వైపు స్పిరిట్ దూదితో తుడిచి, ఆఫీసు ముద్ర గుద్దినట్టు ఒక్క నొక్కు. టక్కుమంది. సూది వెనక్కి వెళ్ళిపోయి, అర సెంటీమీటరు మెత్తటి పోగు మాత్రం చర్మం లోపల ఉండిపోతుంది. పైకి కనిపించేది తెల్లటి బిళ్ళ, పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దది. మొదటి గంట అది నోరు విప్పదు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను దగ్గర పెట్టినా ఒక అంకె, పక్కన ఒక బాణం. అదే అంకె హైదరాబాద్‌లో అమ్మాయి ఫోనులోనూ కనబడేలా సర్దింది.

ఒంటి గంట దాటాక మొదటి అంకె: 163. బాణం అడ్డంగా ఉంది.

"అన్నం తినకముందే నూట అరవై మూడా? పొద్దున ఏం తిన్నావ్?" అన్నారు మా ఆయన, పేపరు దించి.

పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో నా షుగర్ మీద మొదటి ప్రశ్న మారలేదు.

మార్చి 28, శుక్రవారం

ఒంటిపూట బడి. జాకెట్టు చెయ్యి బిళ్ళని ఒరుసుకుంటోంది, చేతులు వదులుగా ఉన్న పాత జాకెట్లు వెతకాలి. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తగానే ఎనిమిదో తరగతి మొత్తం చూసేసింది. "మేడమ్, చిప్పు పెట్టారా?" "చార్జింగ్ పెట్టాలా మేడమ్?" వాళ్ళకి చెప్పాను: ఇది చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే నీటిని. రక్తంలో చక్కెర పెరిగిన ఐదు పది నిమిషాలకి గానీ అక్కడికి కబురు చేరదు. రైలు వెళ్ళిపోయాక గేటెత్తడం మనూరి వాళ్ళకి కొత్తా?

రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో చూస్తే 238, బాణం ఏటవాలుగా పైకి. పొద్దున తిన్నది నాలుగు ఇడ్లీలు. నెయ్యి లేదు, నూనె లేదు. జ్వరమొచ్చిన వాళ్ళకి పెట్టే తిండి.

మార్చి 29, శనివారం. తెల్లవారింది

ఈ ఒక్క గీత కోసం ఐదు వేలు పెట్టొచ్చు.

నా గొడవంతా పరగడుపు షుగర్‌తోనే. ఎప్పుడు ల్యాబుకి వెళ్ళినా 150, 160. రాత్రి ఒక పుల్కా తిన్నా అంతే, రెండు తిన్నా అంతే. ఒక ఏడాది ఐదారు నెలల పాటు రాత్రి తిండే మానేశాను. గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేదాన్ని. ఆకలికి నిద్ర పట్టక, వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలు చూసి వచ్చేదాన్ని. ఆ నెల కూడా 156. అప్పటి డాక్టరు కళ్ళజోడు కిందనుంచి చూసి, "రాత్రిపూట తీపి ఏమైనా..." అని వాక్యం సగంలో వదిలేశాడు. ఆ సగం వాక్యాన్ని ఇంటికొచ్చాక మా ఆయన పూర్తి చేశారు. అత్తయ్యగారు బతికుండగా బెల్లం డబ్బా పై అరకి మారింది. ఎవరూ నన్ను దొంగ అనలేదు. డబ్బా మాత్రం మారింది.

ఇవాళ తెల్లవారాక ఫోను పెట్టి రాత్రంతా ఎలా నడిచిందో చూశాను. పదకొండింటికి 141. అక్కణ్ణించి గీత మెల్లగా దిగి మూడింటికి 109. నాలుగు దాటాక, నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నప్పుడు, గీత దానంతటదే లేచింది. ఆరుంపావుకి 154. ఒక్క మెతుకు లోపలికి పోలేదు. తెల్లవారుతోందంటే ఒళ్ళు లేవడానికి సిద్ధపడుతుంది, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఊరతాయి, లివరు తనలో దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్ళలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది. నాలో సర్దలేకపోతోంది. ఎక్కడో చదివిందే ఇది. కానీ చదవడం వేరు, నా ఒంట్లో అది ఎక్కుతున్న గీతని చూడటం వేరు.

ఆయన్ని లేపి చూపించాను. "నేను తినలేదు. లివరు పెట్టింది."

కాసేపు చూశారు. "అయితే దాన్నే అడుగుదాం, ఏం తిన్నావని" అన్నారు. నవ్వించడానికే. నాకు నవ్వు రాలేదు. కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయాను.

మార్చి 30, ఆదివారం. ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. పచ్చడిలో నా వాటా బెల్లం అర చెంచా కూడా ఉండదు, దాంతో ఏ దిగులూ లేదు. దిగులంతా బొబ్బట్లతోనే.

డబ్బాలో వచ్చిన కాగితం రాత్రి పూర్తిగా చదివాను. బిళ్ళకి ఎనిమిది గంటల జ్ఞాపకమే ఉంటుంది. ఆ లోపల ఫోను పెట్టకపోతే వెనకటిది చెరిగిపోతుంది. పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని, ఈ మాత్రం లెక్క కట్టలేనా? పన్నెండున్నరకి ఫోను పెట్టాను: 128, బుద్ధిమంతురాలి అంకె. ఒంటి గంటకి గరిటెడు పులిహోర, రెండు బొబ్బట్లు, వాటి మీద వేడి నెయ్యి. ఆయన చూశారు. చూడనట్టు గారె తుంచుకున్నారు. ఇక రాత్రి పదిన్నర దాకా ఫోను ముట్టలేదు. పది గంటలు. అంటే రెండున్నరకి ముందు జరిగిందంతా గాల్లో కలిసిపోవాలి.

కలిసింది కూడా. పన్నెండున్నరకీ రెండున్నరకీ మధ్య గీత లేదు. కానీ రెండున్నర దగ్గర గీత 204తో మొదలై, నాలుగింటికి 262కి చేరి, ఏడు దాటితే గానీ దిగలేదు. నెయ్యి చేసిన పని. కొవ్వు పడితే పొట్ట తొందరగా ఖాళీ కాదు, చక్కెర ఆలస్యంగా ఎక్కి తీరిగ్గా కూర్చుంటుంది. నేను మెట్లెక్కడం దాచగలిగాను. మేడ మీద నిలబడ్డది మొత్తం ఫోటోలో పడింది.

మార్చి 31, సోమవారం. రంజాన్

అమ్మాయి ఫోను.

"అమ్మా, నిన్న మధ్యాహ్నం గీత లేదేంటి?"

"పండగ హడావుడి. మర్చిపోయానే."

"ఊఁ."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "నెయ్యి బాగా వేశావా?" అంది.

పక్కింటి ఆపా షీర్ ఖుర్మా పంపింది. "మీకు షుగర్ కదా టీచరమ్మా, చక్కెర వెయ్యలేదు, ఖర్జూరాలతోనే చేశాను" అంది. నాలుగు చెంచాలు తిన్నాను. గంటకి నలభై పెరిగింది. ఆ సంగతి ఆపాకి చెప్పను. నాకోసం వేరే గిన్నెలో చేసిందావిడ.

ఏప్రిల్ 1, మంగళవారం

నిన్నటి ఆ "నెయ్యి బాగా వేశావా" చెవిలోంచి పోవడం లేదు. దాని వెనకే రేపల్లెలో మా వసారా, స్పిరిట్ దీపం వాసన.

1981. నాకు పదేళ్ళు. నాన్నకి షుగర్. ఇంట్లో రక్తం చూసుకునే సాధనం మా లాంటి వాళ్ళ దాకా రాలేదు. ఉన్నది బెనెడిక్ట్ ద్రావణం, నీలం రంగు సీసా. పరీక్ష నాళికలో ఐదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి మరిగించాలి. కాగితం మడిచి నాళిక మెడకి చుట్టి పట్టుకునేదాన్ని. నీలం నీలంగానే ఉంటే నాన్న గెలిచినట్టు. లేకపోతే ఆకుపచ్చ, దాని తర్వాత పసుపుపచ్చ, ఆపైన నారింజ, చివరికి ఇటుక ఎరుపు. మైలుతుత్తం కరిగిన నీలంలో చక్కెర ఎంతుంటే రంగు అంత ఎర్రబడుతుంది.

ఆ పరీక్షకి కళ్ళు సగమే ఉండేవని పెద్దయ్యాక తెలిసింది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి రాదు. నీలం వచ్చిన రోజు నాన్నకి 175 ఉండొచ్చు. చెమటలు పట్టే 60 కూడా ఉండొచ్చు. నీలానికి రెండూ ఒకటే. అదీగాక అప్పుడెప్పుడో గంటల కిందట జరిగిన కథ అది.

ఒకరోజు సాయంత్రం నాన్న చొక్కా జేబు మీద జిలేబీ పాకం మరక. నాళికలో నీలం చూస్తుండగానే పోయింది. పసుపు, ముద్దబంతి పసుపు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఏ రంగే?"

నాన్న నా వైపు చూశాడు. కన్ను కొట్టలేదు, బతిమాలలేదు. ఊరికే చూశాడు.

"పచ్చ" అన్నాను.

అబద్ధం కాదు. మన భాషలో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. ఏ పచ్చ అని అమ్మ అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ సాయంత్రం నేనూ నాన్నా కలిసి అమ్మని బోల్తా కొట్టించామనే అనుకున్నాను. అంత వివరం కోరే మనిషి, పప్పులో ఉప్పు ఎన్ని రాళ్ళు వేశావో అడిగే మనిషి, ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదో నిన్నటి ఫోను తర్వాతే తట్టింది.

నాన్న 1994లో పోయాడు. కిడ్నీలు.

ఫోనులోనూ రంగులున్నాయి. 70కీ 180కీ మధ్య ఉంటే ఆకుపచ్చ. పైన పసుపు. ఇంకా పైకి పోతే నారింజ. బెనెడిక్ట్ సీసాలోని వరసే. ఎరుపు దగ్గరే తేడా. నాన్న నాళికలో ఎరుపంటే చక్కెర పొంగిందని, నా ఫోనులో ఎరుపంటే అడుగంటిందని.

ఏప్రిల్ 2, బుధవారం

అన్నం మీద పరిశోధన. మాది బీపీటీ బియ్యం, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. నిన్న కప్పు కొలిచి మామూలుగా తిన్నాను, ముందు పప్పన్నం: 231. ఇవాళ అదే కప్పు, అదే పప్పు. కానీ ముందు దొండకాయ కూర ఉత్తదే తిని, పప్పు సగం గిన్నెలోంచే తాగి, అన్నం చివర్న తిని, పదిహేను నిమిషాలు వసారాలో అటూ ఇటూ నడిచాను: 189. అమ్మాయి పంపిన ఆర్ఎన్ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, సంచి విప్పలేదింకా. రాజేంద్రనగర్‌లో తయారైన రకం, గ్లైసీమిక్ సూచిక 51 ప్రాంతం అంటారు. దాని వంతు శనివారం.

ఒక్కసారి కొలిచి సిద్ధాంతం చెప్పకూడదని పిల్లలకి చెప్పేదాన్ని, నాకూ అదే వర్తిస్తుంది. అయినా కూర ముందు, అన్నం తర్వాత అనేది మా ఆయనకి ఘోరంగా కనిపిస్తోంది. "ఉత్త కూర తినడానికి మనమేమన్నా..." అని ఆగిపోయారు. ఏ జంతువు పేరు మింగారో అడగలేదు.

పెసరట్టు ఇడ్లీ కంటే నయం: రెండింటికి 171. ఉప్మా పెట్టుకుంటే ఆ నయమంతా పోతుంది.

ఏప్రిల్ 4, శుక్రవారం. గుంటూరు

స్పాట్ వాల్యుయేషన్. సెల్‌ఫోన్లు హాలు బయటే. పేపర్ల కట్ట ముందు కూర్చుంటే తల ఎత్తే వీలుండదు.

ఒంటిగంటన్నర అవుతోంది, భోజనానికి ఇంకా లేవలేదు. ఒక పేపరు మార్కులు మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. ఫ్యాన్ నెత్తిన తిరుగుతున్నా మెడ వెనక చల్లటి చెమట. నా రకం బిళ్ళ దానంతటది అరవదు, మనం అడిగితేనే చెబుతుంది. అయినా ఇది నాకు తెలిసిన కబురే. పొద్దున వేసుకున్న గ్లిమిపిరైడ్ మాత్ర తన పని చేస్తోంది, పొట్టలో దానికి సరిపడా తిండి లేదు. బయటికి వచ్చి ఫోను పెట్టాను: 61, బాణం కిందికి. బ్యాగులో ఉన్న గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగి మెట్ల మీద కూర్చున్నాను.

పదిహేను నిమిషాలకి చెమట ఆరింది. చేతులు నావయ్యాయి. బిళ్ళ మాత్రం 58 అంటోంది, బాణం ఇంకా కిందికే. కాసేపు దాన్ని నమ్మాలో నన్ను నమ్మాలో తెలియలేదు. వేలు పొడిచి గ్లూకోమీటర్లో చూశాను: 92. కబురు ఆలస్యంగా చేరుతుందని ఎనిమిదో తరగతికి నేనే చెప్పి వారమైంది. ఆ 58ని నమ్మి ఇంకో గ్లాసు తాగి ఉంటే సాయంత్రానికి ఆకాశంలో ఉండేదాన్ని.

తిన్నాక, ఆ గంటలో దిద్దిన పేపర్లన్నీ మళ్ళీ కూడాను. ఒకదాని మీద 33 అని ఎర్ర సిరాతో నా చేతి రాతే. మళ్ళీ కూడితే 35. ఇంకోసారి కూడాను. 35. కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

ఏప్రిల్ 5, శనివారం

పొద్దున ఆరు కాకముందే నేను ఫోను పెట్టడం, ఐదు నిమిషాల్లో అమ్మాయి ఫోను మోగడం. "అమ్మా, రాత్రి రెండింటికి 54కి పడిందమ్మా! నీకు తెలివొచ్చిందా అసలు?" గొంతులో ఏడుపు. నిన్నటి సంగతి చెప్పి ఉన్నాను కదా, అదీ ఇదీ కలిసి భయపడింది.

చూశాను. గోతిలా ఉంది. నిట్టనిలువుగా దిగి, అరగంట ఉండి, మళ్ళీ నిట్టనిలువుగా ఎక్కింది. ఏమీ తినకుండా షుగర్ అలా ఎక్కుతుందా? నేను ఎడమ పక్కకి తిరిగి పడుకునే మనిషిని. చెయ్యి ఒంటి కింద నలిగితే బిళ్ళ దగ్గర నీరు కదలక అంకె పడిపోతుందని ఆ కాగితంలో లేదు గానీ, డాక్టరు గారి దగ్గర పనిచేసే అమ్మాయి చెప్పింది. మధ్యాహ్నం పరీక్ష పెట్టాను. 118 ఉండగా ఎడమ చెయ్యి కిందేసి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకున్నాను. బిళ్ళ 79 అంది. వేలు పొడిస్తే 121.

అయినా రెండూ డాక్టరుకి చెప్పాలి. నిన్నటిది నిజం, రాత్రిది బహుశా ఒంటి కింద నలిగిన చెయ్యి. ఆ "బహుశా" అమ్మాయికి నచ్చలేదు.

ఆర్ఎన్ఆర్ వండాను. కూర ముందు పద్ధతిలోనే: 172. అన్నం కాస్త జిగురుగా ఉందని ఆయన ఫిర్యాదు. నీళ్ళు ఎక్కువ పోసింది నేను, తిట్లు బియ్యానికి.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

పందిట్లో పానకం. ఇచ్చింది ఉద్ధరిణెడు కాదు, గ్లాసు నిండా. బెల్లం, మిరియాలు, యాలకులు, చల్లటి కుండ. ఈసారి గంటలు లెక్క కట్టలేదు. అక్కడే కుర్చీలో కూర్చుని తాగి, అక్కడే ఫోను పెట్టాను. 134. నలభై నిమిషాలకి 221, బాణం నిటారుగా. నమలాల్సింది, అరగాల్సింది ఏమీ లేదు, నీళ్ళలో బెల్లం తిన్నగా లోపలికే. తర్వాత పిడికెడు వడపప్పు తిన్నాను, గీత పట్టించుకోలేదు.

అమ్మాయికి నేనే మెసేజ్ పెట్టాను: పానకం.

"ఎన్ని గ్లాసులు?" అని వచ్చింది.

ఏప్రిల్ 7, సోమవారం

అమ్మాయి ఇచ్చి వెళ్ళిన విటమిన్ సి మాత్రలు, ఒక్కోటి 500. చప్పరిస్తే బాగుందని రోజుకి రెండు వేసుకుంటున్నాను. రోజుకి 500 దాటితే ఈ బిళ్ళ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని ఆ కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్నాళ్ళ నా పరిశోధనకి ఇదొక మచ్చ. మానేశాను.

చెమటకి అంచు లేచింది. పైన టేపు వేశారు ఆయన, పార్సిల్ కట్టినట్టు.

ఏప్రిల్ 8, మంగళవారం

డాక్టరు గారి దగ్గర.

జనవరిలో నా హెచ్‌బీఏ1సీ 7.9. మూడు నెలల సగటు, బిళ్ళ అంకెల్లోకి మారిస్తే 180 దగ్గర. ఈ పన్నెండు రోజుల బిళ్ళ సగటు 164. ఇంత తొందరగా బాగుపడ్డానని సంబరపడను. ఇన్‌స్పెక్షన్ అంటే ఆ వారం బడి శుభ్రంగానే ఉంటుంది.

పదో తరగతి సాంఖ్యక శాస్త్రంలో నేను చెప్పే మాటే: సగటు ఒక్కటే చూసి క్లాసు గురించి మాట్లాడకండి, వ్యాప్తి చూడండి. చెయ్యి నలిగిన ఆ రాత్రి 54ని వదిలేస్తే, నా కనిష్ఠం 58, గరిష్ఠం 262. ఆ రెండూ చెయ్యి చెయ్యి పట్టుకుని మధ్యలో 160 అని పేరు రాసుకుంటాయి. ఇప్పుడు డాక్టర్లు చూసేది ఇంకోటి: రోజులో ఎంతసేపు 70కీ 180కీ మధ్య ఉన్నామని. నూటికి డెబ్భై దాటాలి, అంటే రోజుకి దాదాపు పదిహేడు గంటలు. నాకు 64 వచ్చింది. మా దగ్గర 35కే పాసు.

పొద్దున మాత్ర సగం చేశారు. ఇడ్లీలు రెండుకి దించి గుడ్డో పెసలో కలుపుకోమన్నారు. తెల్లవారుజాము గీత మీద వేలు పెట్టి, "ఇది మీరు తినడం వల్ల వచ్చింది కాదమ్మా" అన్నారు, మామూలుగా, పేజీ తిప్పుతూ. ఆ మాట మందుల చీటీ మీద రాసివ్వమని అడుగుదామనుకున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

పన్నెండుకి బిళ్ళ గడువు తీరింది. ఆఖరి అంకె 147. కొబ్బరినూనె రాసి మెల్లగా ఊడదీశాను. చర్మం మీద గుండ్రటి తెల్లటి మచ్చ, మధ్యలో దోమ కుట్టినంత చుక్క. ఆ పోగు వెంట్రుకంత ఉంది. ఆయన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి సొరుగులో పెట్టారు. ఈ ఇంట్లో ఏదీ పారెయ్యం. ఇంకోటి కొంటావా అన్నారు. మూడు నెలలకొకటి చాలన్నాను. ప్రతి నిమిషం తెలుసుకుంటూ బతకడానికి నా జీతం చాలదు, నా ఓపిక అసలే చాలదు.

సాయంత్రం బంగినపల్లి తొలికాయలు తెచ్చారు. ఇంకా పులుపు విడవలేదు. రెండు ముక్కలు తిని, అలవాటుగా ఫోను చేతి దాకా తీసుకెళ్ళాను. అక్కడ ఏముంది.

ఏడింటికి అమ్మాయి. బిళ్ళ తీసేశానని తెలుసు, అయినా అడిగింది:

"ఇప్పుడెంతుందమ్మా?"

"పచ్చ" అన్నాను.

"ఏ పచ్చ?" అంది.